ఐఎల్ఆర్‌లో మైనస్ 1 కనిపిస్తే బుక్కులో 4 రాయొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఫార్మసిస్టుగా చేరి మూడు నెలలైంది, పీహెచ్‌సీలో వ్యాక్సిన్ చార్జి నీ నెత్తినే పెట్టారు, సోమవారం పొద్దున్న ఐఎల్ఆర్ (వ్యాక్సిన్లు దాచే ఫ్రిజ్, లోపల రెండు నుంచి ఎనిమిది డిగ్రీలుండాలి) మూత తీస్తే లోపలి స్టెమ్ థర్మామీటర్, అదే గాజు గొట్టంది, మైనస్ 1 దగ్గరుంది, గోడకున్న ఈవిన్ లాగరేమో, అంటే టెంపరేచర్‌ని దానంతటదే రికార్డు చేసే మెషీన్, 2.6 అంటోంది, సీనియర్ మేడమ్ "టెంపరేచర్ బుక్కులో 4 రాసెయ్యి బాబూ, లేకపోతే లేనిపోని ఎంక్వైరీలు" అన్నారు, పైగా బుక్కులో ఆదివారం పొద్దున్న, సాయంత్రం రెండు గళ్లూ ఖాళీ. ఇదే కదా సంగతి. 4 రాయకు. ఎందుకో తర్వాత చెప్తా, నేనూ ఒకప్పుడు అలా రాసినవాణ్ణే కాబట్టి కాస్త వివరంగానే చెప్తా.

ముందు ఇవాళ చేయాల్సిన పని. ఆ ఐఎల్ఆర్‌లో ఉన్న పెంటా (ఐదు జబ్బులకి కలిపి వేసేది), టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాకి), హెపటైటిస్ బి, పీసీవీ (న్యుమోనియాకి), ఐపీవీ (పోలియో సూది), డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతానికి), ఇవన్నీ గడ్డకడితే పాడయ్యే సరుకు. వీటన్నిటినీ ఒక కవర్లో వేసి మీద పెద్ద అక్షరాలతో "వాడొద్దు" అని రాసి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య పక్కాగా ఉందని నమ్మకమున్న ఇంకో చోట పెట్టు. ఇంకో ఐఎల్ఆర్ లేకపోతే కోల్డ్ బాక్సులో, ఐస్‌ప్యాకులు (నీళ్లు నింపి గడ్డకట్టించిన డబ్బాలు) మాత్రం డీప్ ఫ్రీజర్లోంచి తీసినవి తీసినట్టే పెట్టకు, అది ఇంకో కొంప ముంచుడు, దాని సంగతి కింద చెప్తా. పారేయకు, వాడకు, రెండూ చేయకు. మెడికల్ ఆఫీసర్‌కి చెప్పు, జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్‌కి ఫోన్ చేయించు, కోల్డ్ చైన్ టెక్నీషియన్‌కి కూడా. బుధవారం టీకాల సెషన్ ఉంది కదా, ఆలోపు తేలకపోతే పక్క పీహెచ్‌సీ నుంచి స్టాకు తెప్పించుకోవచ్చు, అది పెద్ద పనేం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, రెండిట్లో ఏది కరెక్టు? రెండూ కరెక్టే అయ్యుండొచ్చు. ఐఎల్ఆర్ అంటే పైనుంచి తెరిచే పెట్టె, గోడల చుట్టూ ఐస్ లైనింగ్ ఉంటుంది, చల్లగాలి బరువు కాబట్టి అడుక్కి పోతుంది, అంటే అడుగున, గోడల దగ్గర ఎక్కువ చల్లదనం, పైన బుట్టలో తక్కువ. అందుకే ఓపీవీ (పోలియో చుక్కలు), బీసీజీ (టీబీకి), ఎంఆర్ (తట్టు, రుబెల్లాకి) లాంటివి కింద, పెంటా, టీడీ, హెపటైటిస్ బి లాంటివి పైన పెట్టమంటారు, ఏ వ్యాక్సిన్ అయినా బుట్ట లేకుండా నేల మీద పెట్టొద్దంటారు. నీ థర్మామీటర్ ఎక్కడుందో చూశావా? చాలా చోట్ల దాన్ని బుట్టకి వేలాడదీయరు, అది జారి అడుక్కి పోయి గోడకి ఆనుకుని పడుంటుంది, అప్పుడది గోడ టెంపరేచర్ చెప్తుంది, వ్యాక్సిన్‌ది కాదు. లాగర్ సెన్సార్ వైరు కూడా అంతే, ఎవరో సర్దుతూ పైకి లాగేసి మూత దగ్గర వదిలేస్తారు, అప్పుడది వెచ్చగా చూపిస్తుంది. కాబట్టి రెండిటినీ పై బుట్టలో వయల్స్ (మందు సీసాలు) మధ్యలో పక్కపక్కనే పెట్టి, మూత వేసి, రాత్రంతా కదపకుండా వదిలేసి పొద్దున్న చూడు. అరడిగ్రీ అటూ ఇటూ తేడా అయితే పట్టించుకోకు. మూడున్నర డిగ్రీల తేడా అలాగే ఉంటే ఒకటి పాడైనట్టే.

ఏది పాడైందో తేల్చడానికి ఒక నాటు పద్ధతి ఉంది, టెక్నీషియన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఐస్ ముక్కలు బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా వేసి, సందుల్లో నీళ్లు పోసి, కలిపి, పది నిమిషాలాగి థర్మామీటర్ బల్బు మధ్యలో ముంచు. ఐసూ నీళ్లూ కలిసున్నంతసేపు అది సున్నా దగ్గరే ఉండాలి. రెండు చూపిస్తే నీ థర్మామీటర్ రెండు డిగ్రీలు ఎక్కువ చెప్తోందని, మైనస్ 2 చూపిస్తే తక్కువ చెప్తోందని. స్టెమ్ థర్మామీటర్లో ఇంకో జబ్బు, లోపలి రంగు ద్రవం గీత మధ్యలో తెగిపోతుంది, పైన చిన్న ముక్క విడిగా నిలబడుంటుంది, అది చూసుకోకుండా చదివితే ఏదో ఒక నంబర్ వస్తుంది. కంటికి ఎదురుగా పెట్టి చదవాలి, మూత తీసిన వెంటనే చదవాలి, ఫోన్ మాట్లాడుతూ రెండు నిమిషాలు చేతిలో పట్టుకుని చదివితే అది నీ చేతి వేడి.

మన వాళ్లందరికీ వేడంటే ఉన్న భయం చలంటే ఉండదు. కరెంటు పోతే పరుగులు పెడతారు, మైనస్ చూపిస్తే "పోన్లే, బాగానే కూల్ అవుతోంది" అంటారు. నిజానికి ఎక్కువ నష్టం జరిగేది చలితోనే, ఎందుకంటే అది కనపడదు. వేడి తగిలితే వయల్ మీదున్న వీవీఎం, అంటే వేడికి రంగు మారే గుర్తు, చెప్తుంది, లోపలి చతురస్రం నల్లబడుతూ వచ్చి చుట్టూ ఉన్న వృత్తం రంగుకి వచ్చేస్తే పారేయడమే. అది వేడిని మొత్తం కూడబెట్టుకుంటూ పోతుంది, నిన్న గంట, ఇవాళ రెండు గంటలు, అన్నీ కలిపి. 37 డిగ్రీల దగ్గర ఓపీవీది రెండు రోజుల్లో మారిపోతుంది, కొన్ని వ్యాక్సిన్లది 30 రోజులు పడుతుంది, వ్యాక్సిన్ ఓర్పుని బట్టి. కానీ గడ్డకట్టిందా లేదా అన్నది వీవీఎం చచ్చినా చెప్పదు. రాత్రి గడ్డకట్టి పొద్దున్న కరిగిపోయిన పెంటా వయల్ మీద వీవీఎం కొత్త పెళ్లికొడుకులా తెల్లగా మెరుస్తుంటుంది.

30 రోజుల రికార్డు దాచుకునే చిన్న లాగర్లుంటాయి చూడు, వాటి అలారం ఎలా పెట్టారో గమనిస్తే విషయం అర్థమవుతుంది. ఎనిమిది డిగ్రీలు దాటి వరసగా పది గంటలుంటే అప్పుడు మోగుతుంది. మైనస్ అర డిగ్రీ గానీ అంతకన్నా తక్కువ గానీ ఒక్క గంట ఉంటే చాలు, మోగుతుంది. వేడికి పది గంటల గడువు, చలికి ఒక్క గంట. ఆ మైనస్ అర కూడా ఊరికే పెట్టలేదు, హెపటైటిస్ బి లాంటివి గడ్డకట్టడం మొదలయ్యేది అక్కడే. అల్యూమినియం కలిపిన వ్యాక్సిన్లు ఒకసారి గడ్డకడితే ఆ రేణువులు ముద్దలు కట్టేస్తాయి, కరిగించినా మళ్లీ మామూలుగా అవ్వవు, పాలు విరిగాక తిరిగి పాలవుతాయా ఏంటి.

దాన్ని పట్టుకోవడానికే షేక్ టెస్ట్. అదే కంపెనీ, అదే బ్యాచ్ వయల్ ఒకటి తీసుకుని "పరీక్షకి, వాడొద్దు" అని రాసి డీప్ ఫ్రీజర్లో రాత్రంతా గట్టిగా గడ్డకట్టించాలి, తర్వాత దానంతటదే కరగనివ్వాలి, వేడినీళ్లలో పెట్టకూడదు. అదొకటీ, అనుమానం ఉన్నదొకటీ రెండూ ఒకే చేత్తో పట్టుకుని బాగా ఊపి బల్ల మీద పక్కపక్కన పెట్టి అరగంట దాకా చూడాలి. గడ్డకట్టించిన దాంట్లో తెల్లటి పొరలు పొరలుగా మడ్డి త్వరగా అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. అనుమానం ఉన్నది కూడా అంతే వేగంగా దిగితే అది పోయినట్టే. నెమ్మదిగా, పాలలా మబ్బుగా ఉండిపోతే బాగున్నట్టు. ఐపీవీకి ఇది పనికిరాదు, అందులో అల్యూమినియం లేదు కాబట్టి మడ్డి దిగదు, కానీ గడ్డకడితే అదీ పాడవుతుంది. కళ్లారా గడ్డకట్టి కనిపించిన వయల్‌కి టెస్టులేం అక్కర్లేదు. ఇంకోటి, ఈ టెస్టు చేసి "బాగానే ఉంది వాడేద్దాం" అనుకునే నిర్ణయం నీది కాదు నాది కాదు, అది పై ఆఫీసర్లది, రాతపూర్వకంగా రావాలి.

నా కథ చెప్తానన్నా కదా. పెంటా ఇంకా రాని రోజులు, డీపీటీ, టీటీ (ధనుర్వాతానికి), హెపటైటిస్ బి విడివిడిగా ఉండేవి. విశాఖ ఏజెన్సీలో చింతపల్లి వైపు ఒక పీహెచ్‌సీలో ఉండేవాణ్ణి. లంబసింగి పేరు ఇప్పుడు టూరిస్టులందరికీ తెలుసు, అప్పట్లో అక్కడి చలి అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకే తెలుసు. ఐఎల్ఆర్ పాత మోడల్, థర్మోస్టాట్ నాబ్ తిప్పేది, మే నెలలో ఎండలకని టెక్నీషియన్ ఎక్కువ మీద పెట్టి వెళ్లాడు, దాన్ని చలికాలం ముందు తగ్గించాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు, నాకూ లేదు. బయట గదే ఫ్రిజ్‌లా ఉంటే లోపలికి వేడి రావడం ఎక్కడుంటుంది, కంప్రెసర్ మాత్రం మే నెల లెక్కన తోసేస్తోంది. డిసెంబర్లో మూడు రోజులు పొద్దున్నపూట మైనస్ 2, మైనస్ 1, మైనస్ 2 కనిపించింది. థర్మామీటర్ పోయిందిలే అనుకుని బుక్కులో 3 రాశా. అబద్ధం రాస్తున్నాననే అనుకోలేదు తెలుసా, "సరిచేసి" రాస్తున్నానని అనుకున్నా. బుధవారం ఆ డీపీటీయే రెండు ఊళ్లకి పోయింది. గురువారం సూపర్‌వైజర్ వచ్చి ఒక వయల్ ఊపి కిటికీ వెలుగులో పెట్టి నా వైపు చూశాడు, లోపల మంచు కురిసినట్టు తెల్లటి రేకులు. బుక్కు తెరిచాడు, 3, 3, 3. ఆయన నన్ను తిట్టను కూడా లేదు. ఆ వయల్స్ తాలూకు పిల్లల లిస్టు తీసి, 23 మంది, మళ్లీ ఆ ఊళ్లకి నడిచి వెళ్లి, తల్లులకి మళ్లీ సూది ఎందుకో చెప్పి ఒప్పించి వేయించాం. ఒకావిడ అడిగింది, "మొన్న వేసింది మందు కాదా మరి?" అని. ఆ మొదటి రోజు మైనస్ 2 అని రాసి ఒక్క ఫోన్ చేసుంటే అయ్యేది ఒక నాబ్ తిప్పడం, ఇంకో పెట్టె స్టాకు తెప్పించుకోవడం, అంతే.

ఇప్పుడొచ్చే మోడల్స్‌లో చాలావాటికి నాబ్ మనం తిప్పేలా ఉండదు, మంచిదే. ఉన్నా నువ్వు తిప్పకు, టెక్నీషియన్ చేతే తిప్పించు, తిప్పిన తేదీ బుక్కులో రాయించు.

బుక్కు ఎలా రాయాలి. రోజుకి రెండుసార్లు, పొద్దున్న, సాయంత్రం, ఆదివారమైనా పండగైనా. ఐఎల్ఆర్‌కి వేరే, డీప్ ఫ్రీజర్‌కి వేరే. డీప్ ఫ్రీజర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉండాలి, పీహెచ్‌సీలో దాంట్లో ఐస్‌ప్యాకులే కాబట్టి దాని గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ అది సరిగా లేకపోతే బుధవారం పొద్దున్న వ్యాక్సిన్ తీసుకెళ్లే క్యారియర్లో పెట్టడానికి ఐస్ ఉండదు. పొద్దున్న రీడింగ్ మూత తీసి సరుకు బయటికి తీయకముందే తీసుకోవాలి, సెషన్ రోజుల్లో వ్యాక్సిన్ తీసుకెళ్లేవాళ్లు ఏడున్నరకే వచ్చి గుమ్మంలో నిలబడతారు, ఆ హడావిడిలో పది నిమిషాలు మూత తెరిచుంచి ఆ తర్వాత చదివితే అది ఐఎల్ఆర్ టెంపరేచర్ కాదు గది టెంపరేచర్. రాత్రంతా మూత మూసున్నాక పొద్దున్న కనిపించేదే మామూలుగా రోజు మొత్తంలో తక్కువ నంబర్, చలి ప్రమాదం దొరికేది అక్కడే. టైమ్ నిజమైనది రాయి, 9.00, 9.00, 9.00 కాదు, 8.40 అయితే 8.40. కరెంటు ఎప్పుడు పోయింది ఎప్పుడొచ్చింది, డీఫ్రాస్ట్ (పేరుకున్న మంచు కరిగించడం) ఎప్పుడు చేశావు, టెక్నీషియన్ ఎప్పుడొచ్చాడు, ఇవన్నీ రిమార్క్స్‌లో.

నేను తర్వాత జిల్లాలో సెంటర్లు తిరిగి బుక్కులు చూసే పని కూడా కొన్నేళ్లు చేశా. అనుభవం మీద చెప్తున్నా, నెలంతా 4, 5, 4, 4, 5 అని ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో ఉన్న బుక్కు చూస్తేనే నాకు అనుమానం. పొద్దున్న పదకొండుకి వెళ్తే సాయంత్రం రీడింగ్ అప్పటికే రాసున్న చోట్లు చూశా. ఒక చోట జూన్ 31న కూడా 4 డిగ్రీలుంది. అదే ఒక మారుమూల సెంటర్లో ఒక ఏఎన్ఎమ్మ బుక్కులో 9.5 అని, పక్కన "రాత్రి 1 నుంచి కరెంటు లేదు, ఫ్యూజు పోయింది, 7.10కి వేయించాను, 10కి 6.8, డాక్టరు గారికి చెప్పాను" అని వంకర అక్షరాలతో రాసుంది. ఆ సెంటర్ వ్యాక్సిన్ మా మనవడికి కళ్లు మూసుకుని వేయిస్తా. ఎనిమిది దాటిందని రాసినందుకు మంచి ఆఫీసరెవరూ మెమో ఇవ్వరు, దాటింది దాచినందుకు ఇస్తారు. చెడ్డ ఆఫీసరుంటాడు, కాదనను, వాడికి కూడా కాగితం మీద "ఫలానా టైముకి ఫోన్ చేశాను" అని ఉంటే నువ్వే గట్టి.

లాగర్ ఉండగా ఈ చేతిరాత ఎందుకని నువ్వు అడగలేదు గానీ అడుగుతావు. ఈవిన్ లాగర్ పది నిమిషాలకోసారి టెంపరేచర్ తీసుకుని గంటకోసారి సిమ్ ద్వారా సర్వర్‌కి పంపిస్తుంది, హద్దు దాటితే మెసేజ్ వస్తుంది. బ్రహ్మాండం. కానీ ఆ మెసేజ్ ఎవరి నంబర్‌కి వెళ్తోంది? రెండేళ్ల క్రితం బదిలీ అయిపోయిన ఫార్మసిస్టు నంబర్‌కి వెళ్తున్న సెంటర్లు నాకు తెలుసు, పాపం ఆయన రాత్రి రెండింటికి లేచి "నాది కాదు" అనుకుని పడుకుంటాడు. నువ్వు చేరి మూడు నెలలన్నావు, ముందు ఆ నంబర్ మార్పించావా చూసుకో, సోమవారం పొద్దున్నదాకా నీకేమీ తెలియకపోవడానికి కారణం అదే కావొచ్చు. ఇంకోటి, చేతిరాత వల్ల లాభం నంబర్ కాదు, రోజుకి రెండుసార్లు ఒక మనిషి వెళ్లి ఆ పెట్టె ముందు నిలబడటం. స్టెబిలైజర్ కుయ్‌మంటోందా, ప్లగ్ వదులుగా ఉందా, మూత రబ్బరు ఊడిందా, గోడలకి మంచు పేరుకుందా, ఇవి లాగర్ చూడదు. మంచు అర సెంటీమీటర్ దాటితే డీఫ్రాస్ట్ చేయాల్సిందే. నీళ్ల బాటిళ్లు, పెరుగు ప్యాకెట్లు, ఎవరో పెళ్లికి పంచిన లడ్డూలు ఐఎల్ఆర్‌లో పెట్టే వాళ్లకి మొహమాటం లేకుండా చెప్పు, వాటికోసం రోజుకి పదిసార్లు మూత తీస్తారు.

ఆదివారం గళ్ల గురించి. అవి ఇప్పుడు నింపకు, ఖాళీగా వదిలేసి అడ్డంగా గీత కొట్టి "రీడింగ్ తీయలేదు" అని రాయి. ఇకనుంచి 24 గంటల పీహెచ్‌సీ అయితే డ్యూటీలో ఉండే స్టాఫ్ నర్సుకి గానీ, వాచ్‌మన్‌కి గానీ నేర్పించు, ఒక్క వారం పక్కన నిలబడితే చాలు, పొద్దున్న చూసి రాసి వాళ్ల పొట్టి సంతకమే పెట్టాలి, నీ పేరు మీద వాళ్లు కాదు. నంబర్ రెండు కన్నా తక్కువైనా ఎనిమిది కన్నా ఎక్కువైనా ఎవరికి ఫోన్ చేయాలో ఐఎల్ఆర్ పైన గోడకి అంటించు. డాక్టరు గారి చేత ఒక ఆర్డరు కాగితం మీద రాయించుకుంటే ఎవరూ "నా పని కాదు" అనరు.

కరెంటు సంగతి. కొత్త ఐఎల్ఆర్‌లు 43 డిగ్రీల ఎండలో కూడా కరెంటు లేకుండా కనీసం 20 గంటలు లోపల చల్లదనం నిలబెట్టాలన్నది డబ్ల్యూహెచ్‌వో పెట్టిన లెక్క, కానీ అది ఐస్ లైనింగ్ పూర్తిగా గడ్డకట్టి ఉండి, నువ్వు మూత తీయకుండా ఉంటే. 2014 అక్టోబర్ 12న, అదీ ఆదివారమే, హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను మైదానంలో ఉన్నా. స్తంభాలు పడిపోయి ఊళ్లకి ఊళ్లు చీకటి, ఫోన్లు లేవు, డీజిల్ కోసం బంకుల దగ్గర క్యూలు. మూతకి తాడు కట్టేశా, ఎవరూ తీయకుండా. పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి నేనే తీసి చూసేవాణ్ణి, అప్పటికి మాకు లాగర్లు లేవు, ఇప్పుడు నీకు బయట డిస్‌ప్లే ఉంది, కరెంటు లేనప్పుడు దాన్నే చూడు, మూత జోలికి పోకు. రెండో రోజు 5, మూడో రోజు సాయంత్రం 7 దాటింది, అప్పుడు కోల్డ్ బాక్సుల్లోకి మార్చి జనరేటర్ ఉన్న చోటికి జీపులో పంపాం. ఎనిమిది అయ్యేదాకా కూర్చోలేదు, ఏడు దగ్గరే లేచాం, దారి మీద చెట్లు పడున్నాయి మరి.

ఐస్‌ప్యాకుల సంగతి బాకీ ఉన్నా. డీప్ ఫ్రీజర్లోంచి తీసిన ప్యాకు మైనస్ 20 దగ్గర ఉంటుంది, తిన్నగా క్యారియర్లో పెడితే పక్కనున్న పెంటా గడ్డకడుతుంది. బల్ల మీద పరిచి, పైన చెమట పట్టి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. ఐఎల్ఆర్‌లో నువ్వు నెలంతా ప్రాణం పెట్టి కాపాడింది బుధవారం పొద్దున్న ఈ అరగంట తొందరలో పోవచ్చు, అక్కడ ఏ లాగరూ లేదు, ఏ బుక్కూ లేదు.

మా వదిన గారి అబ్బాయికి ప్రైవేట్ క్లినిక్ ఉంది, వాడు కూడా ఇదంతా చదువుతాడని తెలుసు కాబట్టి ఒక్క ముక్క: ఇంటి ఫ్రిజ్ వాడితే డోర్‌లో వ్యాక్సిన్ పెట్టకు, ఫ్రీజర్ కింద ట్రేలో కూడా పెట్టకు, కింద కూరగాయల డబ్బాలో నీళ్ల బాటిళ్లు నింపి పెట్టు, మినిమమ్ మ్యాక్సిమమ్ చూపించే థర్మామీటర్ కొనుక్కుని రోజూ చూసి రీసెట్ కొట్టు. రీసెట్ కొట్టకపోతే మొన్నటి నంబరే ఇవాళ కూడా చూస్తుంటావు.

సరే తమ్ముడూ, ఇవాళ్టి గడిలో ఇలా రాయి: నువ్వు చూసిన అసలు టైము, "థర్మామీటర్ మైనస్ 1, లాగర్ 2.6, థర్మామీటర్ ఉన్న చోటు ఫలానా, గడ్డకట్టే వ్యాక్సిన్లు వేరు చేశాను, డాక్టరు గారికి ఇన్ని గంటలకి చెప్పాను". సీనియర్ మేడమ్‌తో గొడవ పడకు, ఆవిడ ఇన్నేళ్లు ఆ సెంటర్ని నడిపింది, ఎంక్వైరీ అంటే భయం ఆవిడకి ఊరికే రాలేదు. "మేడమ్, లాగర్‌లో గ్రాఫ్ ఎటూ ఉంటుంది, నేను 4 రాస్తే రెండూ కలవవు, అప్పుడు ఇద్దరం ఇరుక్కుంటాం" అని మెల్లగా చెప్పు, అర్థం చేసుకుంటుంది. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున్న దాకా గ్రాఫ్ తీయించి, సున్నా కిందికి ఎప్పుడైనా దిగిందా, దిగితే ఎంతసేపు ఉందో చూడండి, సెన్సార్ ఎక్కడ వేలాడుతోందో కూడా ఫొటో తీసి పెట్టుకో. ఆ రెండూ దొరికాక ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.